ముందు మెట్లు

ఫోన్ మోగేసరికి సగం మిరపకాయ బజ్జీ నా నోట్లో ఉంది. మిగతా సగం మా ఆయన చేతిలో ఉంది. నోరు కాలుతుండగానే "చెప్పండి ఆంటీ" అన్నాను. అవతల పద్మలత ఆంటీ. వడ్డేపల్లిలో నేను చూసొచ్చిన ఇంటి ఓనరు. ఇల్లు ఇంకెవరో కూడా అడిగారట గానీ, వాళ్లాయన సారుకు నా మాటతీరు నచ్చిందట. మేడ మీది పోర్షను మాకే ఇస్తారట. ఇప్పుడే వచ్చి తాళంచెవి తీసుకోమన్నారు.

నేను ఆ బజ్జీల బండి దగ్గరే ఒక గెంతు గెంతాను. కాలి మెట్టెలు బండరాయి మీద టక్కుమన్నాయి. ఆ చప్పుడు నాకింకా కొత్త. దాన్ని వినడానికే హాస్టల్ వరండాలో పని లేకున్నా అటూ ఇటూ తిరుగుతుంటాను. "మా ఆయన" అనే మాట కూడా అంతే. నేను లెక్కలు చెప్పే జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూములో ఏ సంగతి వచ్చినా "మా ఆయన కూడా ఇదే అంటారు" అని ఇరికిస్తాను. మా ఆయన ఏమీ అనకపోయినా సరే.

పెళ్లయి మూడు వారాలు. రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు పెట్టిన మొగుడూ పెళ్లాలం, ఇల్లు దొరక్క, రోజూ సాయంత్రం హన్మకొండ చౌరస్తాలో కొత్త ప్రేమికుల్లా కలుసుకుంటున్నాం. ఆ తర్వాత నేను లేడీస్ హాస్టల్‌కి, అతను కాజీపేటలో ఇద్దరు స్నేహితులతో ఉండే గదికి. చీకటి పడితే వార్డెనమ్మ గేటు వేసేస్తుంది. ఆమెకు పెళ్లి సర్టిఫికెట్ చూపించినా రూలు రూలే అంది.

"బిద్యా, ఇల్లు దొరికింది" అన్నాను.

అతను నవ్వాడు. అయితే ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

వడ్డేపల్లిలో ఎక్కడ అని అడిగాడు. చెప్పాను. నీలం గేటా, లోపల తెల్లకుక్క ఉంటుందా అన్నాడు. నీకెలా తెలుసు అంటే, వడ్డేపల్లిలో అన్నీ నీలం గేట్లే కదా అన్నాడు. వడ్డేపల్లిలో అన్నీ నీలం గేట్లు కావు. కానీ అప్పుడు నా బుర్రలో కొత్తింటి వంటగది కిటికీ, దాని మీదికి ఎగబాకిన రాధామనోహరం తీగ తప్ప ఇంకేం లేవు. నువ్వూ రా అన్నాను. పేపర్లు దిద్దాలి హారికా, నువ్వు వెళ్లిరా అన్నాడు. ఈమధ్య ఇళ్లు చూడ్డానికి రమ్మన్నప్పుడల్లా అతనికి పేపర్లుంటాయి. బద్ధకం అనుకునేదాన్ని.

మా ఆయన పూర్తి పేరు నింగోంబం బిద్యానంద సింగ్. సొంతూరు మణిపూర్‌లో ఇంఫాల్. ఎంటెక్‌కి వరంగల్ వచ్చి, ఇక్కడే ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరరైపోయాడు. తెలుగు మెస్సులో, ఆటోల్లో నేర్చుకున్నాడు కాబట్టి నాకంటే అచ్చమైన వరంగల్ భాష మాట్లాడతాడు. మా నాన్న కిషన్ రావు ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి వ్యాపారి. పెళ్లి మాట ఎత్తగానే ముఖం గంటు పెట్టుకున్నాడు. బిద్యా వాళ్ల ఊరి నుంచి తెప్పించిన మిరపకాయ ఒకటి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న కొరికాడు, కళ్లనీళ్లు కారాయి, చెంబెడు మజ్జిగ తాగాడు. ఆ తర్వాత ఇంకొక్క మాట కూడా అడ్డు చెప్పలేదు.

ఢిల్లీలో డిగ్రీ చదివేటప్పుడు జనం తనను ఏమేమని పిలిచేవారో బిద్యా ఒకసారి చెప్పాడు. నాకు కోపం వచ్చి, అది ఢిల్లీ, ఇది ఓరుగల్లు అన్నాను. మాది ఉద్యమాల గడ్డ, సమానత్వం మీద పాటలు వింటూ పెరిగినవాళ్లం, ఇక్కడ అట్లాంటివి నడవవు అన్నాను. ఎన్నిసార్లు అన్నానో. అతను ప్రతిసారీ తల ఊపేవాడు.

పద్మలత ఆంటీ నన్ను ఎప్పటినుంచో ఎరిగినట్టు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. హాల్లో గోడ నిండా పుస్తకాలు. లక్ష్మీనారాయణ సార్ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఉద్యమం రోజుల్లో మైకు పట్టుకుని మాట్లాడుతున్న ఆయన ఫోటో ఒకటి అల్మారాలో ఉంది. మాదీ లవ్ మ్యారేజే అమ్మా అన్నారాయన. కులాలు వేరని ఇరువైపులా రెండేళ్లు గడప తొక్కనివ్వలేదట. "అందుకే ఈ ఇంట్లో కులం అడగం, మతం అడగం. మనిషైతే చాలు" అన్నారు. ఆ మాట బిద్యాకు చెప్పాలని మనసులో దాచుకున్నాను.

అబ్బాయి పేరేమిటన్నారు. బిద్యానంద సింగ్, లెక్చరర్ అని చెప్పాను. ఉత్తరాదివాళ్లా అని అడిగారు. అటు వైపే సార్ అన్నాను. ఈశాన్యం కూడా సగం ఉత్తరమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మణిపూర్ అనే మాట నా నోట్లోంచి ఎందుకు రాలేదో అప్పుడు నేను ఆలోచించలేదు. ఏదో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టు మాత్రం ఉంది.

ఆంటీ నన్ను ముందు మెట్ల మీంచి పైకి తీసుకెళ్లింది. గేటు పక్కనుంచి వరండా మీదుగా పైకి పోయే వెడల్పాటి మెట్లు. అంచుల్లో సున్నం, ముగ్గు. ఇంటి వెనక ఇంకో ఇనుప మెట్ల దారి కూడా ఉంది. అది బోరు రిపేరువాళ్లకీ, ట్యాంకు కడిగేవాళ్లకీ. వంటగదిలో గట్టు తుడిచి చూపించి, ఎల్లుండి సోమవారం మంచిగుంది, పాలు పొంగించుకోండి అంది. మా వైపు అద్దె ఇల్లయినా సరే, కొత్త గిన్నెలో పాలు పొంగకుండా పొయ్యి మీద వేరేదేదీ పెట్టరు. అది కూడా ఇద్దరే చేసుకునే పని కాదు. ముందురోజు గల్లీలో ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలవాలి. బొట్టు పెట్టించుకున్నాక రానని అనకూడదు. నా దగ్గర కుంకుమ భరిణె లేదంటే ఆంటీ తన వెండి భరిణె తెచ్చి చేతిలో పెట్టింది. దాని మూత తీసి మూసి, తీసి మూసి చూసుకున్నాను. ఇంత చిన్న వస్తువుకు అంత సంతోషపడ్డాను.

అప్పుడే ఆంటీ మామూలుగా, టులెట్ బోర్డు ఇన్నాళ్లు ఎందుకుందో చెప్పడానికి అన్నట్టుగా ఆ మాట చెప్పింది.

"పోయిన నెల ఎవరో నేపాల్ పిలగాడొచ్చిండు బిడ్డా, ఇల్లు కావాల్నని. పాపం మంచిగనే మాట్లాడిండు. మాకేం లేదు గని, గల్లీల వాళ్లు ఊకుంటరా? ఒకల్లకి ఇచ్చేసినమని చెప్పి పంపినం. మా కుక్క సింబా గాడైతే వాని యెంబడే గేటు దాకా పోయిండు."

నా వేలికి కుంకుమ అంటింది. భరిణె మూత ఎప్పుడు తెరిచానో తెలియలేదు. పోయిన నెల బిద్యా వడ్డేపల్లి వైపు ఇళ్లు వెతికాడు. నీలం గేటు. తెల్లకుక్క. అతని నవ్వు ఎందుకు ఆలస్యమైందో తెలిసిపోయింది. ఆంటీ ఇంకా ఏదో చెబుతూనే ఉంది, ట్యాంకు ఎప్పుడు నిండుతుందో, చెత్తబండి ఎప్పుడొస్తుందో. ఆమె గొంతులో కోపం గానీ, చీదరింపు గానీ లేవు. ట్యాంకు గురించి చెప్పినట్టే ఆ సంగతీ చెప్పింది. నేను అన్నిటికీ తలూపాను. తాళంచెవి, భరిణె బ్యాగులో వేసుకుని దిగేటప్పుడు నా మెట్టెలు మళ్లీ టక్కుమన్నాయి. ఈసారి ఎవరైనా వింటారేమోనని మెల్లగా నడిచాను.

బిద్యా హాస్టల్ గేటు బయట నిలబడి ఉన్నాడు. పేపర్లు లేవు, ఏం లేవు. నా ముఖం చూడగానే "తెలిసిపోయిందా?" అన్నాడు.

"ఢిల్లీల మొఖం మీదనే తిట్టేటోళ్లు. ఇక్కడ సార్ కుర్చీ ఏసి కూసోబెట్టిండు. మంచినీళ్లిచ్చిండు. మంచిగ ఇంగ్లీషుల మాట్లాడి, సారీ, ఇచ్చేసినం అన్నడు. నేను థాంక్స్ చెప్పి వచ్చిన. గేటు దాటినంక తిరిగి సూస్తే టులెట్ బోర్డు అట్లనే ఉన్నది."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు మా వరంగల్, మా వరంగల్ అనుకుంట అంత సంబురపడతాంటే ఎట్ల చెప్పాలె?"

మేం రోడ్డు మీదే నిలబడ్డాం. అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. టిఫిన్ సెంటర్లో నాకు దోశ వేసి, అతను అడగకముందే నూడుల్స్ ఆ పక్క బండి మీద అని చూపించిన మనిషి. అతను తెలుగులో చిరునామా చెబుతుంటే నా వైపు తిరిగి నన్నే అడిగే ఆటోవాళ్లు. పుట్టబోయే పిల్లలు ఎవరి పోలికో అని స్టాఫ్‌రూములో నవ్విన రమ్య, ఆమెతోపాటు నవ్విన నేను. అవన్నీ సరదా మాటలనుకున్నాను. ఆటపట్టిస్తున్నారనుకున్నాను. అతను ఆ నవ్వులన్నీ విని, గదికి పోయి, మళ్లీ మర్నాడు బజ్జీల బండి దగ్గరికి నవ్వుతూ వచ్చాడు.

తాళంచెవి తిరిగిచ్చేద్దాం అన్నాను. ఇచ్చేసి ఎక్కడికి పోతాం, ఇంకో గల్లీలో ఇంకో సార్ ఉంటాడు అన్నాడు. అయితే ముందు సామాను చేర్చేద్దాం, ఆ తర్వాత మెల్లగా చెబుదాం, నువ్వు చీకటి పడ్డాక రా అన్నాను. అతను కోప్పడలేదు. "అంటే హెల్మెట్ పెట్టుకొని పాలు పొంగియ్యాల్నా?" అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నేనే ముందు ఆపేశాను. ఎందుకంటే హెల్మెట్ మాట అతనిదైనా, ముఖం దాచాలనే ఆలోచన నాదే.

మంచం మీద పడుకున్నాక ఆంటీకి ఏం చెప్పాలో మనసులో అప్పజెప్పుకున్నాను. బిద్యా వాళ్లింటి వాకిట్లో తులసి ఉంటుంది ఆంటీ. వాళ్లమ్మ పొద్దున్నే స్నానం చేసి నుదుట చందనం పెట్టుకుంటుంది. ఇంట్లో చేప తప్ప మాంసం వండరు. అన్నీ నిజాలే. అన్నీ పనికొచ్చే నిజాలే. అయితే నేను చదువుకునేటప్పుడు మా పక్క సెక్షన్‌లో ఉన్న మిజోరం అమ్మాయి గుర్తొచ్చింది. వాళ్లు క్రైస్తవులు, ఆమె వాకిట్లో తులసి ఉండదు. మరి ఆమె వస్తే ఇల్లు ఇవ్వకపోవడం సరైనదేనా? నా మొగుడికి మార్కులు వేయించి పాస్ చేయించడానికి నేనెవరిని? ఇట్లా అనుకుని ఆ మాటలన్నీ తీసేశాను. తీసేశాక చెప్పడానికి ఏం మిగల్లేదు. ఇల్లు పోతుందేమోనన్న భయం ఒక్కటే మిగిలింది.

ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి వెళ్లాం. బిద్యా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆటోలో నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరి చెయ్యి చెమటపట్టిందో తెలియలేదు.

ఆ ఇంట్లో అతన్ని ముందు గుర్తుపట్టింది కుక్క. తోక ఊపుకుంటూ వచ్చి అతని బూట్లు వాసన చూసి, కాళ్ల మధ్య దూరింది. దాని వెనకే వచ్చిన పద్మలత ఆంటీ నన్ను చూసి నవ్వి, అతన్ని చూసి ఆగింది. సామాను మోసే మనిషనుకుందేమో, అతని వెనక ఇంకెవరైనా ఉన్నారా అని గేటు వైపు చూసింది.

"మా ఆయన ఆంటీ" అన్నాను. ఎన్నో వందలసార్లు ముచ్చటపడి అన్న మాట. ఈసారి ఆమె ముఖం చూస్తూ అన్నాను.

సార్ చేతిలో పేపరుతో బయటికి వచ్చారు. ఆయన వెంటనే గుర్తుపట్టారు. ముఖం ఎర్రబడింది. ఆ సంగతి మాత్రం నేను ఒప్పుకోవాలి, ఆయన నిజంగానే సిగ్గుపడ్డారు. కూర్చోండి అన్నారు, మంచినీళ్లు తెమ్మన్నారు. ఆ రోజు హారిక భర్తనని ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది కదా అన్నారు బిద్యాతో.

"అప్పటికి పెండ్లి కాలే సార్" అన్నాడు బిద్యా.

సార్ పేపరును మడిచి, ఇంకా చిన్నగా మడిచి, మెల్లగా మొదలుపెట్టారు. తనకైతే ఏ అభ్యంతరమూ లేదట. ఆయన జీవితమే అందుకు సాక్ష్యమట. కానీ సమాజం ఒక్కరోజులో మారదట. గల్లీలో రకరకాల మనుషులుంటారు, రేపు ఎవరైనా ఒక మాట అంటే బాధపడేది మీరే అన్నారు. ఇంటి మాట వెనక్కి తీసుకోనన్నారు. మాటంటే మాటే. కొన్నాళ్లు మాత్రం వెనక మెట్ల నుంచి వెళ్లి రండి. అందరికీ మెల్లగా అలవాటవుతుంది. పాలు మీరిద్దరే లోపల పొంగించుకోండి, పిలుపులూ అవీ ఎందుకు?

"మీ మంచికే చెబుతున్నానమ్మా" అన్నారు చివర.

నేను ఒప్పుకునేదాన్నే. అది దాచి లాభం లేదు. ఇల్లు దొరికినట్టేగా అని నా మనసు అప్పుడే లెక్క వేసుకుంటోంది. కిటికీ ఉంది, తీగ ఉంది, రాత్రికి ఒకే కప్పు కింద ఉంటాం. ఏ మెట్లయితేనేం? అంతలో బిద్యాను చూశాను. అతను తల వంచి ఇంటి పక్క సందులోంచి కనిపించే ఆ ఇనుప మెట్ల వైపు చూస్తున్నాడు. బీరువా ఆ మెట్ల వెడల్పులో పడుతుందా అని కొలుస్తున్నట్టు చూస్తున్నాడు. అతనప్పుడే సరేననేశాడు, నోటితో అనడమే మిగిలింది. నాకోసం.

గల్లీలో ఎవరు ఏమంటారు సార్ అని అడిగాను.

ఆయన తడబడి, ఎదురింటి మొగిలమ్మ పేరు చెప్పారు. ఈ గల్లీకి అందరికంటే ముందు వచ్చిన ముసలామె, నోరు పెద్దది, ఆమె ఒక మాటంటే గల్లీ అంతా అదే మాట.

నేను బ్యాగులోంచి భరిణె తీసి లేచాను. రా బిద్యా అన్నాను. ఈసారి మెల్లగా నడవలేదు, మెట్టెలు ఎక్కువ చప్పుడు చేశాయి.

మొగిలమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మేం ఎదురింటి మేడ మీదికి వస్తున్నామని చెప్పాను. ఆమె నన్ను వదిలేసి బిద్యాను కిందినుంచి పై దాకా చూసింది. ఈయనది ఏ దేశం అని నన్నే అడిగింది.

"మన దేశమే అవ్వా. మణిపూర్" అన్నాడు బిద్యా.

మొగిలమ్మ చేతిలో చింతపండు ఆగిపోయింది. "ఓసి, తెలుగు మాట్లాడతాండే" అంది. ఏం తింటాడో అడిగింది.

"మిర్చి బజ్జి అవ్వా. ఉల్లిగడ్డ ఏసి."

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, నోరు మూసుకుని మింగేసింది. నేను మూత తీసి, రేపు పాలు పొంగిస్తున్నాం, మీరు రావాలి అన్నాను. ఆమె తల వెనక్కి తీసుకుంది.

"నాకేందమ్మా, నేనొద్దంటే ఆగుతరా? నాదేం లేదు. ఆ సారే, పెద్ద సదువులు సదివినోడు, ఆయనకే నచ్చదేమో. ముందుగాల ఓనరమ్మకు పెట్టు బొట్టు. ఆమె పెట్టిచ్చుకుంటె నేనొస్త."

గల్లీ చాలా చిన్నది. ఆ మాట ఎదురింటి గేటు దాకా వినబడింది. గేటు లోపల సార్, ఆంటీ నిలబడి ఉన్నారు. సార్ చేతిలో పేపరు గుప్పెడంత అయింది. ఆయనకు మొగిలమ్మ అడ్డు, మొగిలమ్మకు ఆయన అడ్డు. ఆ రెండు అరుగుల మధ్య మేం నిలబడ్డాం.

మళ్లీ రోడ్డు దాటాం. బిద్యా నా పక్కనే నడిచాడు, వెనక కాదు. ఆంటీ కాదంటే ఇంక ఈ గల్లీలో మాకేం లేదు. తాళంచెవి అక్కడే గేటు మీద పెట్టి వెళ్లిపోవాలి. అది ఆమెకూ తెలుసు. మొగిలమ్మ చింతపండు వదిలేసి చూస్తోంది. పక్కింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఎవరో కూడా ఆగి చూస్తున్నారు.

నా వేలు భరిణెలో ముంచాను. కుంకుమ ఎక్కువ అంటింది. చెయ్యి పైకెత్తాను. ఆంటీ కళ్లు సార్ వైపు తిరిగాయి. సార్ నేల వైపు చూస్తున్నారు. ఆంటీ నోరు తెరిచింది, ఏదో చెప్పబోయింది, వద్దనే అనబోయిందనుకుంటాను. కానీ ఎన్ని ఏళ్ల నుంచో ఎన్ని వందలసార్లో బొట్టు పెట్టించుకున్న మెడ అది. వేలు దగ్గరికి రాగానే దానంతటదే వంగింది. కళ్లు మూసుకుంది. నేను పెట్టిన బొట్టు వంకరగా వచ్చింది, కొంత ముక్కు మీద రాలింది.

కళ్లు తెరిచాక ఆమె తన ముక్కు తుడుచుకోలేదు. చాలాసేపు బిద్యాను చూసింది. బొట్టు పెట్టించుకున్నాక అందరూ అడిగేదే అడిగింది, చాలా చిన్న గొంతుతో.

"ఎన్ని గంటలకు బిడ్డా?"

ఎదురింటికీ, పక్కింటి బాల్కనీకీ కూడా వినబడాలని నేను కావాలనే గట్టిగా చెప్పాను.

"రేపు పొద్దున ఏడింటికి ఆంటీ. పాలగిన్నె మా ఆయనే పట్టుకొస్తరు. మేమిద్దరం ముందు మెట్ల మీదికెళ్లే వస్తం."